అరికాలి మీద పేరు: హాంగ్‌కాంగ్ నుంచి టోక్యో దాకా వినైల్ బొమ్మల వెంట

మొదటి రోజు, మాంగ్‌కాక్

హోటల్లో సామాను పడేసి మొహం కడుక్కుని నేరుగా మాంగ్‌కాక్ వెళ్లిపోయాం, నేనూ మా తమ్ముడూ. వాడికి బేర్‌బ్రిక్ అనే ఎలుగు బొమ్మల పిచ్చి, నాకు జపాన్‌లో మెత్తటి వినైల్ ప్లాస్టిక్‌తో చేత్తో పోసే సోఫుబి బొమ్మల పిచ్చి. హాంగ్‌కాంగ్ చూడకుండా టోక్యో మాత్రమే చూసి వచ్చేస్తే సగం కథే తెలుస్తుందని ఇద్దరం ఒప్పుకున్నాం కాబట్టి ముందు ఇక్కడ దిగాం. డిజైనర్ టాయ్ అంటే తెలియని వాళ్ల కోసం ఒక ముక్క: సినిమా పాత్రకో కార్టూన్‌కో నకలుగా ఫ్యాక్టరీ దించేది కాదు ఇది. ఒక ఆర్టిస్టు తన ఊహలోంచి తీసి, కొన్ని వందలో వేలో మాత్రమే పోయించి, తన పేరుతో అమ్మే బొమ్మ.

సై యుంగ్ చోయ్ వీధిలో సీటీఎంఏ సెంటర్, అక్కడి నుంచి నడిచే దూరంలో నాథన్ రోడ్డు మీద ఇన్స్ పాయింట్. రెండూ బయటి నుంచి చూస్తే మామూలు కాంప్లెక్సులే. లోపలికెళ్తే ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకు దారులు, అటూ ఇటూ చిన్న చిన్న కొట్లు, కొన్ని కొట్లలో గాజు అరలు ఒక్కొక్కటీ ఒక్కో మనిషికి అద్దెకిస్తారు. ఎవరి అరలో వాళ్ల బొమ్మలు, వాళ్ల రేటు చీటీలు. ఒక అర చూస్తే ఆ మనిషి ఎవరో తెలిసిపోతుంది. ఒకరు ఒక్క ఆర్టిస్టువే పదేళ్లు కూడబెట్టి ఇప్పుడు అమ్ముకుంటున్నారు, ఇంకొకరు నిన్న పెట్టెలో దొరికినవి ఇవాళ రెట్టింపు రేటుకి పెట్టారు.

నాకు బొమ్మ చేతిలోకి రాగానే తిరగేసి అరికాలు చూసే అలవాటు. తయారుచేసిన వాళ్ల ముద్ర సాధారణంగా అక్కడే ఉంటుంది. ఒక కొట్లో మూల బుట్టలో పాత ప్లాస్టిక్ బొమ్మలు గుట్టగా ఉన్నాయి, 1970ల నాటివి. ఒక్కోటీ తిప్పి చూశాను. అన్నిటి మీదా ఇంగ్లీషులో ‘మేడ్ ఇన్ హాంగ్‌కాంగ్’ అని ఉబ్బెత్తు అక్షరాలు, అంతే. చెక్కినవాళ్ల పేరు ఒక్కదాని మీదా లేదు. అదే కొట్లో పైఅరలో ఉన్న వినైల్ బొమ్మ కాలి కింద ఆర్టిస్టు పేరు, సంవత్సరం. ఈ బుట్టకీ ఆ అరకీ మధ్య ఏం జరిగిందన్నదే నన్ను ఇంత దూరం లాక్కొచ్చింది.

రెండో రోజు, వాన్‌చాయ్

పొద్దున్నే స్టార్ ఫెర్రీలో అటువైపు దాటి హాంగ్‌కాంగ్ ఆర్ట్స్ సెంటర్‌కి వెళ్లాం. అక్కడ ఆ రోజు చూడ్డానికి ప్రత్యేకంగా ఏమీ లేదు, నాకు ఆ భవనంలో నిలబడాలని ఉంది, అంతే. 1999లో హాంగ్‌కాంగ్ ఆర్టిస్టు మైఖేల్ లౌ తన ‘గార్డెనర్’ బొమ్మలు 99 పెట్టింది ఇక్కడే. ఒక్కోటీ పన్నెండు అంగుళాలు. అంతకుముందు వాటి కథని ఒక పత్రికలో కామిక్‌గా గీసేవాడు. స్కేట్‌బోర్డులు, వదులు ప్యాంట్లు, టాటూలు, చెవిపోగులు, తలకి బీనీలు, అచ్చం అప్పటి వీధి కుర్రాళ్లు. సైనికుల బొమ్మలూ సూపర్ హీరోలూ తప్ప ఆ సైజు యాక్షన్ ఫిగర్లలో ఇంకేదీ పెద్దగా కనిపించని కాలంలో తన చుట్టూ ఉన్న వాళ్లనే బొమ్మలుగా చేసి గ్యాలరీలో నిలబెట్టాడు. ఆ మొదటి 99 వినైల్‌లో పోసినవి కావు, బట్టలు తొడిగిన యాక్షన్ ఫిగర్లు. వినైల్ రూపాలు తర్వాత వచ్చాయి. కానీ బొమ్మకి కర్త ఉంటాడు, అతని పేరు చెప్పి అడగాలి అన్న ఆలోచన జనంలోకి వెళ్లింది ఆ ప్రదర్శనతోనే అని నా గట్టి నమ్మకం. ఎరిక్ సో, బ్రదర్స్‌ఫ్రీ వంటి బొమ్మల ఆర్టిస్టులు కూడా ఆ కాలం వాళ్లే.

ఇది హాంగ్‌కాంగ్‌లోనే ఎందుకు జరిగిందంటే, ఆ ఊరు అప్పటికే దశాబ్దాలుగా ప్రపంచానికంతా బొమ్మలు చేసి పంపింది. ఫ్యాక్టరీలు 1980ల నుంచి చైనాలోని షెన్‌జెన్, డాంగ్‌గువాన్ వైపు తరలిపోయినా, అచ్చులు ఎవరు చేస్తారు, రంగులు ఎవరు వేస్తారు, తక్కువ సంఖ్యలో ఎవరు పోసిపెడతారు అన్నది తెలిసినవాళ్లు ఊళ్లోనే ఉన్నారు. గట్టి ప్లాస్టిక్‌ని యంత్రంతో నొక్కి పోయాలంటే ఉక్కు అచ్చు కావాలి. దాని ఖరీదు తిరిగి రావాలంటే వేల బొమ్మలు అమ్మాలి. వినైల్‌కి రాగి అచ్చు చాలు. అందులో ద్రవం పోసి, మూసి, ఓవెన్‌లో గుండ్రంగా తిప్పితే లోపలి గోడలకి పట్టుకుని బోలు బొమ్మ తయారవుతుంది. కొన్ని వందలు చేసినా గిట్టుబాటే. ఒక్క ఆర్టిస్టు తన జేబులోంచి పెట్టుకోగల ఖర్చు అది. ఈ కళకి వినైల్ పేరు అంటుకున్నది అందుకే.

మధ్యాహ్నం తాయ్ యుయెన్ వీధి. అందరూ బొమ్మల వీధి అంటారు. పిల్లల బొమ్మలే ఎక్కువ. మా తమ్ముడికి అరగంటలో విసుగొచ్చింది. నాకు రాలేదు.

మూడో రోజు, లబుబు ఊళ్లో

లబుబు అనే పళ్ల బొమ్మ గురించి రాయకుండా ఈ ఊరు దాటలేం. ఎక్కడ చూసినా అదే, బ్యాగులకి వేలాడుతూ, ఫోన్ కవర్ల మీద, టీషర్టుల మీద. కొన్నవాళ్లలో ఎంతమందికి దాన్ని చేసిన కాసింగ్ లుంగ్ పేరు తెలుసో అని నాకు దిగులు. హాంగ్‌కాంగ్‌లో పుట్టి చిన్నప్పుడే నెదర్లాండ్స్ వెళ్లిపోయిన మనిషి. పిల్లల పుస్తకాలకి బొమ్మలు గీసేవాడు. అక్కడ చదివిన ఉత్తర ఐరోపా జానపద కథల్లోని వింత జీవాలే 2015లో ‘ది మాన్‌స్టర్స్’ అయ్యాయి, వాటిలో ఒకటి ఈ తొమ్మిది పళ్ల చిన్నది. మొదట్లో హాంగ్‌కాంగ్‌లోని హౌటువర్క్ అనే కంపెనీ తక్కువ సంఖ్యలో చేసేది. 2019లో చైనా బొమ్మల కంపెనీ పాప్ మార్ట్ చేతికొచ్చింది, 2023లో వినైల్ మొహంతో బొచ్చు కీచైన్ అయింది, 2024లో బ్లాక్‌పింక్ గాయని లిసా బ్యాగుకి కనిపించింది, ఇక ఆగలేదు. 2025 జూన్‌లో బీజింగ్ వేలంలో 131 సెంటీమీటర్ల లబుబు 10 లక్షల 80 వేల యువాన్లు పలికింది.

ఇలాంటి దారే ముందు మోలీది. కెన్నీ వాంగ్ 2006లో ఒక మూతి ముడుచుకున్న పిల్లని చూసి చేసిన బొమ్మ. పదేళ్ల తర్వాత పాప్ మార్ట్ బ్లైండ్ బాక్సుల్లో, అంటే లోపల ఏముందో విప్పేదాకా తెలియని పెట్టెల్లో, పెట్టాక కంపెనీ దశ తిరిగింది, 2020 డిసెంబర్లో హాంగ్‌కాంగ్ ఎక్స్ఛేంజిలో లిస్టయింది.

మాల్‌లో క్యూ కట్టి ఒక పెట్టె కొన్నాం. పెట్టె మీదే అవకాశాలు అచ్చేసి ఉంటాయి. ఆరు రకాల సీరీస్‌లో సీక్రెట్ అనే అరుదైన రకం దొరికే అవకాశం 72కి 1. పక్కన పదేళ్ల పిల్లాడు పెట్టెని చెవి దగ్గర పెట్టుకుని ఊపి ఊపి వింటున్నాడు. చైనా ప్రభుత్వం 2023లో ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి బ్లైండ్ బాక్సులు అమ్మొద్దని మార్గదర్శకాలు ఇచ్చింది, సరైన పనే చేసింది. బ్లైండ్ బాక్స్ వల్ల ఆర్టిస్టులకి డబ్బులొచ్చాయి, నేను కాదనను. ఖరీదైన రెజిన్ బొమ్మ కొనలేని కాలేజీ పిల్లలకి అదే ఆర్టిస్టు పని అందుబాటులోకి వచ్చింది. కానీ పెట్టె విప్పగానే ‘ఏది వచ్చింది’ అంటారు తప్ప ‘ఎవరు చేశారు’ అని ఎవరూ అడగరు. నాకు అక్కడే బాధ.

సాయంత్రం షామ్ షుయ్ పోలో ఫుక్ వింగ్ వీధి. నకిలీలు చూపించమని అడిగితే ఒక కొట్టాయన నవ్వి, అసలుదీ నకిలీదీ పక్కపక్కన పెట్టాడు. నకిలీ దానికి పళ్లు పది. బుగ్గల దగ్గర రంగు అంచు దాటి కారింది.

“అక్కా, అరికాలు చూడవా?” అన్నాడు తమ్ముడు. చూశాను. నకిలీ దాని అరికాలు నున్నగా ఉంది, ఏ పేరూ లేదు.

నాలుగో రోజు, నకానో

టోక్యో. చువో లైన్‌లో నకానో స్టేషన్, అక్కడి నుంచి కప్పున్న బజారు వీధిలో నడిస్తే చివర నకానో బ్రాడ్‌వే. 1966లో కట్టిన భవనం, పై అంతస్తుల్లో కాపురాలు, కింద అంతస్తుల నిండా కొట్లు. 1980లో ఇక్కడ చిన్న పాత కామిక్స్ కొట్టుగా మొదలైన మండరాకే ఇప్పుడు భవనమంతా పాకింది, ఒక్కో గది ఒక్కో రకం సరుకుకి. పేరున్న ఆర్టిస్టు తకాషీ మురకామి కంపెనీ నడిపే చిన్న గ్యాలరీలూ ఇక్కడే ఉన్నాయి.

నేను ఎక్కువసేపు ఉన్నది పాత సోఫుబి గదిలో. మారుసాన్ కంపెనీ రాక్షస బొమ్మలు మొదలుపెట్టింది కూడా 1966లోనే, గాడ్జిల్లా, టీవీలో వచ్చిన అల్ట్రామాన్ రాక్షసులు. అది మూతపడ్డాక అక్కడి ఉద్యోగులు కొందరు బుల్‌మార్క్ పెట్టి 1970ల్లో నడిపారు. వీటి రంగులు చూడాలి. తెర మీద బూడిద రంగులో ఉన్న రాక్షసుడికి ఇక్కడ నీలం ఒళ్లు, దాని మీద వెండి, గులాబీ స్ప్రే. సినిమాలో ఎలా ఉందన్నది పట్టించుకోలేదు, పిల్లల కంటికి ఏది ఇంపుగా ఉంటే అది కొట్టారు. ఇప్పటి ఆర్టిస్టులు చాలామంది ఆ రంగుల మత్తులోనే పెరిగారు. గార్గమెల్, బ్లాబ్‌పస్, రియల్ హెడ్ పనిలో ఆ వాసన స్పష్టంగా తగులుతుంది.

కానీ సోఫుబి అంటే మగపిల్లల రాక్షసులే అనుకుంటే పొరపాటు. కోనాత్సు చేసిన నెగోరా చూడండి, పిల్లీ రాక్షసీ కలిసిన జీవి, వీపున ముళ్లు, మొహం మాత్రం పాలు అడిగే మొహం. షోకో నకజావాది బైరన్ అనే జీవి, కావోరి హినాతాది మోరిస్ అనే కొమ్ముల పిల్లి. వీళ్లు ముగ్గురూ ఆడవాళ్లే, ముగ్గురి చేతిలోనూ మెత్తదనం ఉంది కానీ ఒకరిది ఇంకొకరిలా ఉండదు. మోరిస్ కళ్లు లోపల విడిగా బిగించినవి, బొమ్మని ఎటు తిప్పినా మన వైపే చూస్తున్నట్టుంటుంది. గాజు వెనక ఉన్నదాన్ని కొట్లో అమ్మాయి తీసి నా చేతిలో పెట్టింది. ఇంత సైజు బొమ్మ ఇంత తేలిగ్గా ఉంటుందని చేతికి ఎన్నిసార్లు తెలిసినా ఆశ్చర్యమే. కొనలేదు. పాత రంగుది కాబట్టి నా బడ్జెట్‌కి చాలా దూరం.

రాత్రి హరాజుకులో ఒక చక్కర్. బౌంటీ హంటర్ అనే పంక్ బట్టల బ్రాండు 1990ల్లో ఇక్కడ మొదలై 1997లో తన మొదటి బొమ్మ తీసింది. 1999లో న్యూయార్క్ గ్రాఫిటీ ఆర్టిస్టు కాస్‌తో కలిసి కంపానియన్ అనే బొమ్మ చేసింది. కళ్ల చోట రెండు ఇంటూ గుర్తులు, తలకి పుర్రె ఎముకలు. ఆ కాస్ వేసిన ఒక పెయింటింగ్ 2019లో హాంగ్‌కాంగ్ సోద్‌బీస్ వేలంలో 11 కోట్ల 59 లక్షల హాంగ్‌కాంగ్ డాలర్లకి పోయింది. దారి తెరిచింది మాత్రం ఒక చిన్న బట్టల కొట్టు వినైల్ బొమ్మ.

ఐదో రోజు, కత్సుషికా

ఈ యాత్ర మొత్తం ఈ రోజు కోసమే. కత్సుషికా టోక్యో తూర్పున, పెద్దగా టూరిస్టులు రాని వార్డు. మోంచిచి అనే కోతి బొమ్మ చేసే సెకిగుచి, ఇప్పటి తకారా తోమీ, ఈ రెండు బొమ్మల కంపెనీలూ ఈ వార్డువే. ఒకప్పుడు ఇక్కడ సెల్యులాయిడ్ బొమ్మలు చేసేవాళ్లు, అవి నిప్పు తగిలితే భగ్గుమనేవి, అందుకే 1950ల్లో మెత్తటి వినైల్‌కి మారారు. టోక్యోలో ఉండే స్నేహితురాలు తన పరిచయంతో ఒక చిన్న కార్ఖానాలోకి తీసుకెళ్లింది. పేరు రాయొద్దన్నారు, ఫోటోలు వద్దన్నారు. గోడ నిండా ఆర్టిస్టుల అచ్చులున్నాయి, ఇంకా బయటికి రాని బొమ్మలున్నాయి, కాబట్టి న్యాయమే.

ఒక్క గది, ఇద్దరు మనుషులు, తలుపు తెరిస్తే వేడి మొహానికి కొట్టింది. అచ్చు కథ ముందు చెప్తాను. ఆర్టిస్టు మట్టితో చేసిన దాన్ని మైనంలోకి దించుతారు. ఆ మైనం బొమ్మని విద్యుత్తు పారే ద్రావణంలో వేలాడదీస్తే దాని మీద లోహం పొరలు పొరలుగా పేరుకుంటుంది, రోజులు, వారాలు. తగినంత మందం వచ్చాక వేడి చేసి మైనం కరిగించి పారబోస్తారు. మిగిలేది బోలు లోహపు అచ్చు. ఆ మైనం బొమ్మ మళ్లీ ఉండదు. అచ్చు లోపలి గోడ మీద ఆర్టిస్టు వేలిముద్ర పడి ఉంటే అదీ ప్రతి బొమ్మ మీదా వస్తుంది.

పెద్దాయన వయసు డెబ్బై దాటి ఉంటుంది. అచ్చులోకి ద్రవ వినైల్ పోశాడు, అట్లపిండి కన్నా కొంచెం జారుగా ఉంది. గాలి బుడగలు పోయేలా యంత్రంలో గిర్రున తిప్పి, కాగుతున్న నూనెలో ముంచాడు. లోహానికి ఆనుకున్న పొర గట్టిపడుతుంది, మధ్యలోది ఇంకా ద్రవమే. పైకి తీసి, బోర్లించి, ఆ మిగిలిన ద్రవాన్ని వెనక్కి వంచేశాడు. మళ్లీ నూనెలో. ఎంతసేపు ఉంచాలో గడియారం చూడలేదు, అచ్చు మూతి దగ్గర రంగు మారడం చూస్తున్నాడు. తీసి ఒక్క క్షణం నీళ్లలో ముంచి, పొడుగు పటకారు లోపలికి పెట్టి అంచు పట్టుకుని లాగాడు.

అచ్చు రెండు ముక్కలుగా విడిపోయేది కాదు. ఒకే ముక్క, మెడ దగ్గర ఒక్క చిన్న కన్నం. తల ఆ కన్నం కన్నా రెండింతలు వెడల్పు. వేడి మీద వినైల్ సాగుతుంది కాబట్టి అంత తలా నలిగి, ముడుచుకుని, కొమ్ములతో సహా ఆ కన్నంలోంచి బయటికొచ్చింది, వచ్చిన మరుక్షణం ఊపిరి పీల్చినట్టు దాని ఆకారం దానికి తిరిగొచ్చింది. ఎక్కడా అతుకు గీత లేదు. నేను గట్టిగా అరిచేశాను. పెద్దాయన తల కూడా తిప్పలేదు, అప్పటికే తర్వాతి అచ్చు చేతిలో ఉంది. చల్లారితే రాదు, మరీ వేడిగా లాగితే చిరిగిపోతుంది, ఆ మధ్యలో ఉన్నది కొన్ని క్షణాలే. నేను చూస్తుండగా ఒక చెయ్యి చిరిగింది. మాట్లాడకుండా పక్క డబ్బాలో వేశాడు.

మా స్నేహితురాలి చేత అడిగించాను, “ఈ బొమ్మల మీద మీ పేరు ఉండదు కదా, ఎలా అనిపిస్తుందండీ?” అని. ఆయన కొంచెం ఆలోచించి, లాగడం బాగుంటే ఆర్టిస్టు మళ్లీ తన దగ్గరికే వస్తాడన్నాడు. ఆర్డర్లు నెలల తరబడి వెనకపడి ఉన్నాయట, నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు తక్కువట. ఆర్టిస్టు పేరు అరికాలి మీదికి ఎక్కినందుకు ఇన్నాళ్లూ సంతోషించిన నాకు, ఇంకో పేరు ఇప్పటికీ బయటే ఉందని అక్కడ నిలబడితే తప్ప తట్టలేదు. కొందరు ఆర్టిస్టులు ఈ మధ్య బొమ్మతో వచ్చే కార్డు మీద అచ్చు పోసిన వాళ్ల పేరు కూడా వేస్తున్నారు. అందరూ వెయ్యాలి.

రంగులు ఇక్కడ వెయ్యరు, అది వేరే చోట, చాలాసార్లు ఆర్టిస్టే తన ఇంట్లో వేసుకుంటారు. మామూలు రంగు వినైల్ మీద నిలవదు, బొమ్మని మెత్తగా ఉంచే నూనె లోపలి నుంచి ఊరి ఆ రంగుని జిగటగా మార్చేస్తుంది. వినైల్‌లోకే కొద్దిగా కరిగి పట్టుకునే రంగులు వాడాలి.

ఆరో రోజు, మకుహారి

వండర్ ఫెస్టివల్ అనే బొమ్మల సంత. ఏడాదికి రెండుసార్లు, చలికాలంలో ఒకటి, ఎండాకాలంలో ఒకటి, చిబాలోని మకుహారి మెస్సే హాళ్లలో. నిర్వహించేది కైయోడో అనే బొమ్మల కంపెనీ. ఒక్కరోజే. ఇంకొకరి పాత్రని బొమ్మగా చేసి అమ్మే ఔత్సాహికులకి ఆ ఒక్క రోజుకి చెల్లే హక్కు ఇప్పిస్తారు, అందుకే ఇక్కడ దొరికేవి మర్నాడు ఎక్కడా దొరకవు. పొద్దున చీకటితోనే వెళ్లినా మా ముందు వేలమంది ఉన్నారు.

లోపల సొంత పాత్రల సోఫుబి ఆర్టిస్టుల వరస ఒకటి ఉంది. ఒక్కొక్కరికీ ఒక బల్ల, బల్ల వెనక మనిషి స్వయంగా. కొందరి దగ్గర లాటరీ: చీటీ తీస్తే నంబరు వచ్చిన వాళ్లకే కొనే అవకాశం. పెద్ద పేర్ల దగ్గర నాకు రాలేదు. చివర్లో ఒక కుర్రాడి బల్ల దగ్గర గుంపు లేదు. వర్షంలో నానిన పుట్టగొడుగులాంటి జీవి, నడుము వంగి, చేతులు వెనక్కి కట్టుకుని. అది తన మొదటి బొమ్మ అన్నాడు, అచ్చు డబ్బులకి ఏడాదిపైన పార్ట్‌టైమ్ పని చేశాడట. కాలి కీలు దగ్గర హెయిర్ డ్రయ్యర్ గాలి పట్టించి, మెత్తబడ్డాక తీసి, లోపల ఎంత పలచగా వచ్చిందో చూపించాడు. రంగు వెయ్యని తెల్లదీ, పచ్చ స్ప్రే ఉన్నదీ, రెండు ఉన్నాయి. తెల్లది తీసుకున్నాను. రంగు లేకపోతే చెక్కుడు దాక్కోడానికి వీలుండదు, ఇతని చెక్కుడు దాచుకోవలసింది కాదు.

అరికాలి మీద అతని పేరు కొంచెం వంకరగా ఉంది. మైనం మీద సూదితో తనే గీశాడట.

ఏడో రోజు, షిబుయా

ఫ్లైట్ రాత్రికి. ఈ పూట తమ్ముడిది. షిబుయా పార్కోలో మెడికామ్ టాయ్ సరుకు చూడ్డానికి వెళ్లాం. 1996లో మొదలైన కంపెనీ, 2001 మే నెలలో టోక్యోలో ఒక క్యారెక్టర్ సంతకి వచ్చినవాళ్లకి ఊరికే పంచిన ఎలుగు బొమ్మే బేర్‌బ్రిక్. 100 శాతం అంటే 7 సెంటీమీటర్లు, 400 అంటే 28, 1000 అంటే 70. బేర్‌బ్రిక్ చాలావరకు గట్టి ప్లాస్టిక్, వినైల్ కాదు, అందుకే నాకు దాని మీద పెద్ద ప్రేమ లేదు. ఒకే ఆకారం, మీద రంగు మారుతుంది. తమ్ముడి వాదన వేరు: “ఒకే ఆకారం కాబట్టే అక్కా, ఎవరు ఏం చేశారో తేడా కనిపించేది. పుట్టగొడుగు కుర్రాడికి రేపు ఇది ఇస్తే ఏం చేస్తాడో చూడాలని లేదా నీకు?” ఉంది. ఆ మాట ఒప్పుకున్నాను, అచ్చు కుర్రాడి చేతిదైతే ఇంకా బాగుంటుందని కూడా అన్నాను. ఎయిర్‌పోర్ట్ రైల్లో కూడా అదే గొడవ.

సర్దుకునేటప్పుడు ఒక జాగ్రత్త, తెచ్చుకునే వాళ్ల కోసం రాస్తున్నా. రెండు వినైల్ బొమ్మలు ఒకదానికొకటి ఆనుకుని ఉండకూడదు, ముదురు రంగుది లేత దాని మీద మరక దించేస్తుంది, ఒక్కోసారి అతుక్కుపోతుంది కూడా. బుడగల ప్లాస్టిక్ నేరుగా చుడితే గుండ్రటి గుర్తులు పడే ప్రమాదం ఉంది, ముందు పలచటి కాగితం చుట్టి ఆ పైన చుట్టండి. వంగినా భయం లేదు, ఇంటికొచ్చాక గోరువెచ్చటి గాలి పట్టించి నిలబెడితే చక్కబడుతుంది. ఎండ తగిలే కిటికీలో మాత్రం పెట్టకండి.